ప్యాచ్ పడినా కంప్యూటర్ పాతదిగానే ఉంటే: ఆఫీసు అప్‌డేట్ల సమస్యలు, పరిష్కారాలు

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సుమారు 140 కంప్యూటర్లు, ఎనిమిది లినక్స్ సర్వర్లు ఉన్న ఒక కార్యాలయంలో సిస్టమ్స్ బాధ్యతలు చూస్తున్నాను. మా బృందంలో చేరేవారిలో అనంతపురం, చిత్తూరు, నెల్లూరు వైపు పిల్లలే ఎక్కువ కావడంతో, అప్‌డేట్ల గురించి ఏటా అవే ప్రశ్నలకు తెలుగులో అవే జవాబులు చెబుతూ వచ్చాను. వాటినే ఇక్కడ లక్షణం, కారణం, పరిష్కారం అనే వరుసలో రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. ప్యాచ్ (సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్) డౌన్‌లోడ్ కావడం ఒక దశ, ఇన్‌స్టాల్ కావడం రెండో దశ, నడుస్తున్న ప్రోగ్రామ్‌లో అది అమల్లోకి రావడం మూడో దశ. మన రిపోర్టులు సాధారణంగా రెండో దశ దగ్గరే ఆగిపోతాయి. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు, అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ విడుదల చేసి ఉంది. దాదాపు రెండు నెలల వ్యవధి దొరికినా లక్షల కంప్యూటర్లలో ఆ ప్యాచ్ అమల్లోకి రాలేదు. అందుకే మూడో దశ దాకా సరిచూసుకోనిదే పని పూర్తయిందని రాయవద్దని మా పిల్లలకు పట్టుబట్టి చెబుతాను.

రోజూ షట్‌డౌన్ చేస్తున్నా ‘రీస్టార్ట్ అవసరం’ అన్న సందేశం పోవడం లేదు

మా అకౌంట్స్ విభాగంలో ఒకావిడ కంప్యూటర్‌లో రెండు నెలల ప్యాచ్‌లు పెండింగ్‌లో కనిపించాయి. వెళ్లి అడిగితే, “రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేసే ఇంటికి వెళ్తున్నానండీ, రాత్రి కాపలా ఆయన్ని అడగండి కావాలంటే” అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, సీపీయూ కింద అప్‌టైమ్ అనే చోట చూస్తే 67 రోజులని ఉంది. రోజూ ఆపుతున్న యంత్రం 67 రోజులుగా ఆగలేదని అదే యంత్రం చెబుతోంది.

దీనికి కారణం విండోస్ 8 నుంచి వస్తున్న ఫాస్ట్ స్టార్టప్. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ, ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ స్థితి డిస్కులో భద్రమై మర్నాడు ఉదయం ఉన్నది ఉన్నట్టుగా మెమొరీలోకి తిరిగి వస్తుంది. రీస్టార్ట్ నొక్కినప్పుడు మాత్రమే అన్నీ మొదటి నుంచి లోడ్ అవుతాయి. పైగా మనిషి లాగిన్ అయి ఉన్నంతసేపు యంత్రం తనంత తాను రీస్టార్ట్ కాకూడదని మేమే పాలసీ పెట్టుకున్నాం. రెండూ కలిసేసరికి ప్యాచ్‌లకు దారి పూర్తిగా మూసుకుపోయింది.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, పవర్ బటన్ ఏం చేయాలో నిర్ణయించే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయాలి. యంత్రాలు ఎక్కువగా ఉంటే గ్రూప్ పాలసీ (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపే సదుపాయం) ద్వారా ఒకేసారి తీయవచ్చు. ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్లలో దీనివల్ల ఉదయం పోయేది కొన్ని సెకన్లే. ఆ తర్వాత వారం రోజులకు అప్‌టైమ్ మళ్లీ చూడాలి. మేము ప్రతి సోమవారం అన్ని యంత్రాల అప్‌టైమ్‌ను స్క్రిప్టుతో తెప్పించుకుని, 14 రోజులు దాటినవాటిని ఎర్రరంగులో చూపిస్తున్నాం. ప్యాచ్ రిపోర్టుల కంటే ఈ ఒక్క పట్టికే నాకు ఎక్కువ ఉపయోగపడింది.

నైట్ షిఫ్టులో కాల్ మధ్యలో కంప్యూటర్ తనంత తానే రీస్టార్ట్ అయిపోతోంది

విండోస్‌లో యాక్టివ్ అవర్స్, అంటే మనం పనిలో ఉంటామని భావించి సిస్టమ్ తనంత తాను రీస్టార్ట్ చేయని గంటలు, డిఫాల్ట్‌గా ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు ఉంటాయి. ఆ సమయం బయట రీస్టార్ట్ కావచ్చని సిస్టమ్ అనుకుంటుంది. బెంగళూరులో సగం ఆఫీసుల్లో అసలు పని మొదలయ్యేది ఆ తర్వాతే. దీనికి తోడు, మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తున్న ప్యాచ్‌లు మన గడియారం ప్రకారం ఆ రాత్రి 10:30కు, అమెరికాలో చలికాలపు సమయం నడిచే నెలల్లో 11:30కు వస్తాయి. అంటే అమెరికా క్లయింట్లతో మాట్లాడేవాళ్లు ఫోన్ల మీద ఉన్నప్పుడే అవి దిగుతాయి.

యాక్టివ్ అవర్స్‌ను గరిష్ఠంగా 18 గంటల వరకు పెట్టుకోవచ్చు. మా దగ్గర ఒకే సీటులో పగలు ఒకరు, రాత్రి ఒకరు కూర్చుంటారు కాబట్టి ఉదయం 9 నుంచి తెల్లవారుజామున 3 వరకు పెట్టి, మిగిలిన ఆరు గంటలను ప్యాచ్‌లకు వదిలాం. ఇలా చేశాక కూడా మూడో అంతస్తులో ఒక వరుసలోని యంత్రాలకు ప్యాచ్‌లు పడలేదు. సర్వర్ లాగ్‌లలో రెండు రోజులు వెతికాక ఒక రాత్రి ఆఫీసులోనే ఉండి చూశాను. చివరి క్యాబ్ వెళ్లిన వెంటనే హౌస్‌కీపింగ్ వాళ్లు కరెంటు ఆదా చేయాలన్న మంచి ఉద్దేశంతో బల్లల కింద స్విచ్‌లు వరుసగా ఆపేస్తున్నారు. కంప్యూటర్ల స్విచ్‌లకు ఎర్ర టేపు అంటించి, పక్కన కన్నడంలో రాయించిన చీటీ పెట్టడంతో సమస్య తీరింది. షెడ్యూలు ఎంత బాగా రాసినా, ఆ గంటలో గోడ మీద స్విచ్ ఆన్‌లో ఉందో లేదో ఒక్కసారైనా కళ్లతో చూడాలి.

ఇన్‌స్టాల్ మధ్యలో ఆగి ఎర్రర్ కోడ్ వస్తోంది

80070070 అని ముగిసే కోడ్ వస్తే డిస్కులో చోటు లేదని అర్థం. స్టోరేజ్ సెట్టింగుల్లోని తాత్కాలిక ఫైళ్లు, పాత విండోస్ కాపీ తీసేస్తే సరిపోతుంది. చోటు కోసం, విండోస్ తన సిస్టమ్ ఫైళ్ల కాపీలు దాచుకునే విన్‌ఎస్ఎక్స్ఎస్ ఫోల్డర్‌లోని ఫైళ్లను చేత్తో డిలీట్ చేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు, ఆ తర్వాత ఏ ప్యాచూ నిలవదు. 80073712 వస్తే ఆ ఫైళ్ల భాండాగారమే చెడిందని గ్రహించి, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో దాన్ని బాగుచేసే డిస్మ్ టూల్‌ను రీస్టోర్‌హెల్త్ ఆప్షన్‌తో నడిపి, తర్వాత సిస్టమ్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపాలి. ఈ వరుస ముఖ్యం, ఎందుకంటే ఎస్‌ఎఫ్‌సీ బాగుచేయడానికి తెచ్చుకునే ఫైళ్లు మొదటిది సరిచేసిన చోటు నుంచే వస్తాయి. డౌన్‌లోడ్ అదే శాతం దగ్గర పదేపదే ఆగుతుంటే అప్‌డేట్ సర్వీసును, ఫైళ్లను వెనకాల దింపే బిట్స్ సర్వీసును ఆపి, దింపిన ప్యాచ్‌లు ఉండే సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చి, సర్వీసులు తిరిగి మొదలుపెడితే కొత్తగా దింపుకుంటుంది.

సందేశాన్ని అక్షరాలా నమ్మకూడదనడానికి 2024 జనవరి నాటి విండోస్ 10 ప్యాచ్ ఒకటి మంచి ఉదాహరణ. రికవరీ పార్టిషన్‌లో (విండోస్ చెడితే బాగుచేసే ఫైళ్లు ఉండే డిస్కు భాగంలో) 250 ఎంబీ ఖాళీ లేని యంత్రాలన్నిటిలో అది విఫలమైంది, కానీ తెర మీద చోటు చాలలేదని రాకుండా 80070643 అనే సాధారణ వైఫల్యపు కోడ్ వచ్చింది.

పాత యంత్రాల్లో తేదీ తప్పుగా ఉన్నా సర్వర్ అసలుదేనని చెప్పే సర్టిఫికెట్లు చెల్లక అప్‌డేట్ సర్వర్‌తో సంబంధం కుదరదు. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే చాలు.

కొత్త ల్యాప్‌టాప్‌లు అప్‌డేట్ సర్వర్ జాబితాలో కనిపించడం లేదు

మేము ఒకసారి 32 ల్యాప్‌టాప్‌లు కొని, ఒకదాంట్లో అన్నీ అమర్చి, దాని ఇమేజ్‌ను (డిస్కు మొత్తం నకలును) మిగతావాటికి క్లోన్ చేశాం. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ సర్వర్ అయిన డబ్ల్యూసస్ కన్సోల్‌లో మాత్రం 32కు బదులు ఒక్కటే వరుస వచ్చింది. చూస్తూండగా రిఫ్రెష్ చేస్తే ఆ వరుసలో 07 అని ఉన్న పేరు 19గా మారింది, మరికాసేపటికి 23 అయింది. అప్పటికి అర్థమైంది, అన్నీ ఒకే గుర్తింపుతో వచ్చి ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చుంటున్నాయని.

సిస్‌ప్రెప్ (క్లోన్ చేసే ముందు యంత్రం సొంత గుర్తింపులను తీసేసే టూల్) నడపకుండా క్లోన్ చేయడం వల్ల, అప్‌డేట్ సర్వర్ యంత్రాన్ని గుర్తుపట్టే సస్ క్లయింట్ ఐడీ అన్నిటిలోనూ ఒకటే అయింది. ప్రతి యంత్రంలో అప్‌డేట్ సర్వీసు ఆపి, రిజిస్ట్రీలో విండోస్‌అప్‌డేట్ కీ కింద ఉన్న ఆ ఐడీని, దాని వ్యాలిడేషన్ విలువను తొలగించి, సర్వీసు మొదలుపెట్టి, ఆథరైజేషన్ రీసెట్ చేయించాలి. మాకు ఇది తెలిసింది, కొనుగోలు బిల్లులోని సంఖ్యతో జాబితాలోని సంఖ్యను పోల్చినందువల్లే. ‘నూరు శాతం ప్యాచ్ అయ్యాయి’ అని రిపోర్టు చెబితే ఎన్నింటిలో నూరు శాతమో అడగాలి. ఆస్తుల రిజిస్టరు లేనిచోట ప్యాచ్ శాతానికి విలువ లేదని నా గట్టి అభిప్రాయం.

లినక్స్ సర్వర్‌లో ప్యాకేజీ కొత్తదే, భద్రతా స్కానర్ మాత్రం లోపం ఉందంటోంది

స్కానర్ తప్పు చెబుతోందని టికెట్ మూసేసే ముందు ఒక్క క్షణం ఆగాలి. లైబ్రరీ (పలు ప్రోగ్రాములు కలిసి వాడుకునే కోడ్) ఫైలు డిస్కులో మారినా, అంతకుముందే మొదలైన వెబ్ సర్వర్ పాత కాపీనే మెమొరీలో పట్టుకుని నడుస్తూ ఉంటుంది. 2014 ఏప్రిల్ 7న హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, ఆ లోపమున్న ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ మార్చి, సర్వీసులను రీస్టార్ట్ చేయనివారు ప్యాచ్ వేసి కూడా అదే ప్రమాదంలో ఉన్నారు. ఉబుంటు, డెబియన్ సర్వర్లలో నీడ్‌రీస్టార్ట్ టూల్ నడిపితే పాత లైబ్రరీలను పట్టుకున్న సర్వీసుల పేర్లు వస్తాయి. కెర్నెల్ విషయంలో యూనేమ్ కమాండ్ చూపే వెర్షన్‌ను, ఇన్‌స్టాల్ అయిన చివరి వెర్షన్‌ను పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఉంటే రీబూట్ తప్పదు. బూట్ పార్టిషన్ పాత కెర్నెళ్లతో నిండి కొత్తది పడకపోతే ఆప్ట్ ఆటోరిమూవ్ నడపాలి.

బయోస్ అప్‌డేట్ తర్వాత కంప్యూటర్ 48 అంకెల కీ అడుగుతోంది

బయోస్ అంటే మదర్‌బోర్డులో ఉండే ఫర్మ్‌వేర్. అది మారేసరికి, డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఇది వేరే యంత్రమేమోనని అనుమానించి ఆ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేస్తే ఈ ఇబ్బంది రాదు. వచ్చాక మాత్రం కీ తప్ప వేరే దారి లేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక కంటెంట్ ఫైలు లోపంతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయినప్పుడు, ఆ ఫైలు తొలగించడం కొన్ని నిమిషాల పనే అయినా, ఎన్‌క్రిప్ట్ అయిన యంత్రాల్లో సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలంటే ఈ కీ కావాల్సి వచ్చింది. ఆ కీల జాబితాను, పడిపోయే అవకాశం ఉన్న సర్వర్‌లోనే కాకుండా, కాగితం మీద కూడా తాళం వేసిన అల్మారాలో ఉంచుకోవాలి.

ప్యాచ్ పడిన మర్నాడు ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్ పనిచేయడం లేదు

అన్ని యంత్రాలకూ ఒకే రాత్రి వేయడం దీనికి మూలం. ముందుగా ఆరేడు యంత్రాల గుంపు ఒకటి ఎంచుకోవాలి. అందులో మన సొంత కంప్యూటర్లతో పాటు, ఆఫీసులో ఉన్న ప్రతి రకం ప్రింటర్‌కు కలిపినది ఒకటి, సంతకం టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) వాడేది ఒకటి తప్పక ఉండాలి. సిస్టమ్స్ వాళ్ల యంత్రాల మీదే పరీక్షిస్తే అకౌంట్స్ వాళ్లకు ఏం చెడుతుందో ఎప్పటికీ తెలియదు.

తేదీల లెక్క కూడా వేసుకోవాలి. రెండో మంగళవారం ఎప్పుడూ 8 నుంచి 14 మధ్యే వస్తుంది, మన చేతికి అందేది మర్నాడు. అకౌంట్స్ వాళ్లు దాఖలు చేసే నెలవారీ జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1 గడువు 11, జీఎస్టీఆర్-3బీ గడువు 20. ప్యాచ్ 9న అందిన నెలలో మొదటి గుంపుకు వెంటనే వేసి, అకౌంట్స్‌కు 12న, శనివారం వేస్తాం. 14, 15 తేదీల్లో అందితే అకౌంట్స్‌ను 21 వరకు ఆపుతాం. ఏదైనా చెడితే అప్‌డేట్ హిస్టరీలో కేబీ నంబరు (ఆ ప్యాచ్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సంఖ్య) రాసుకుని, ఆ ఒక్కదాన్నే అన్‌ఇన్‌స్టాల్ చేయాలి.

ఆ లోపాన్ని దాడుల్లో అప్పటికే వాడుతున్నారని మైక్రోసాఫ్ట్ గానీ మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గానీ ప్రకటిస్తే మాత్రం ఈ క్యాలెండర్‌ను పక్కన పెట్టి, మొదటి గుంపులో ఒక పూట చూసి, అకౌంట్స్‌తో సహా అందరికీ ఆ రాత్రే వేస్తాం. అప్పుడు కూడా రిటర్న్ దాఖలు చేసే రెండు యంత్రాలను చివరికి ఉంచి, మొదటిదానికి ప్యాచ్ పడి, టోకెన్‌తో పోర్టల్‌లోకి లాగిన్ అయి, ఒక పేజీ ప్రింట్ వచ్చాకే రెండోదాన్ని ముట్టుకుంటాం.