చలిలో కెమెరా బ్యాటరీలు
కశ్మీర్‌లో సోనామార్గ్ నుంచి నారానాగ్ వరకు సరస్సుల వెంట సాగే వారం రోజుల ట్రెక్‌లో, దారిలో ఎక్కడా చార్జింగ్ దొరకదు కనుక, కెమెరా బ్యాటరీలను రాత్రిపూట సాక్సులో చుట్టి స్లీపింగ్ బ్యాగులో తమ పక్కనే పెట్టుకోవడం మంచిది. చలికి లిథియం అయాన్ బ్యాటరీలోని రసాయన చర్య మందగించి, నిండుగా ఉన్నది కూడా ఖాళీ అయినట్టు చూపుతుంది. దానిని కాసేపు చొక్కా లోపలి జేబులో వెచ్చబరిస్తే మరికొన్ని ఫొటోలకు పనికివస్తుంది. కెమెరా సంగతి వేరు. చల్లబడిన లెన్స్‌కు గుడారంలోని మన ఊపిరి తేమ తగిలితే అద్దం మసకబారుతుంది కనుక, బయట ఉండగానే దానిని జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో మూసి, లోపలికి తెచ్చాక గంటసేపు తెరవకూడదు. ఆ దారిలోని విశన్‌సర్ సరస్సు ఒడ్డున ఒక సాయంత్రం ఆ పని మరచి, కొండల మీది చివరి వెలుగంతా లెన్స్ తుడుస్తూనే పోగొట్టుకున్నాను.