కంపైల్ ఆగిందా? ముందు తేదీ చూడండి

మొన్న భవానీపురంలో మా తమ్ముడి పాత డెస్క్‌టాప్‌లో లైనక్స్ మీద ఒక ప్యాకేజీని సోర్స్ కోడ్ నుంచి బిల్డ్ చేస్తుంటే (అంటే కంపైల్ చేసి ప్రోగ్రామ్‌గా తయారు చేస్తుంటే), ముందుగా సిస్టమ్‌ను పరీక్షించే కాన్ఫిగర్ స్క్రిప్టు మొదట్లోనే ఆగిపోయింది. ఇప్పుడే పుట్టిన ఫైలు టార్‌బాల్‌లో (సోర్స్ ఫైళ్లన్నీ కలిపి కట్టిన ఆర్కైవ్‌లో) వచ్చిన ఫైళ్ల కన్నా పాతదిగా ఉందని ఎర్రర్. వాడు పాపం రాత్రంతా లైబ్రరీలు తీసేసి మళ్లీ ఎక్కించాడు. టెర్మినల్‌లో డేట్ అని కొట్టి చూస్తే 2015 జనవరి 1!

కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయింది. మధ్యాహ్నం కరెంటు పోగానే గడియారం వెనక్కి వెళ్లిపోయింది. బిల్డ్ నడిపే మేక్ అనే ప్రోగ్రామ్ ఏ ఫైలు మళ్లీ కంపైల్ చేయాలో తేల్చుకునేది ఫైళ్ల సమయాలు పోల్చే కదా, అవి తప్పితే అంతా తప్పుతుంది. గడియారం ముందున్నప్పుడు బిల్డ్ చేసి, తర్వాత అది సరైతే ఇంకా ప్రమాదం: మీరు కోడ్ మార్చినా పాత ఆబ్జెక్ట్ ఫైలే (కంపైల్ అయి వచ్చిన ఫైలే) కొత్తదనుకుని మేక్ వదిలేస్తుంది. ‘క్లాక్ స్క్యూ డిటెక్టెడ్’ (గడియారం తేడా కనిపించింది) అన్న వార్నింగ్ కనిపిస్తే దయచేసి దాటేయకండి. గిట్ క్లోన్‌లో (నెట్ నుంచి కోడ్ దించుకునేటప్పుడు) సర్వర్ సర్టిఫికెట్ ఇంకా చెల్లదని వచ్చినా అనుమానం తేదీ మీదే.

తేదీ సరిచేసి, టైమ్‌డేట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో ఎన్‌టీపీ (నెట్ నుంచి సమయం సరిచేసుకునే పద్ధతి) ఆన్ చేయండి. బిల్డ్ ఫోల్డర్ తీసేసి టార్‌బాల్ మళ్లీ విప్పండి, తప్పు తేదీల ఫైళ్లు ఉంచొద్దు. సెల్ కూడా మార్చండి. చాలా బోర్డుల్లో ఉండేది 3 వోల్టుల సీఆర్2032. గవర్నర్‌పేటలో కొని వేశాక మా వాడి బిల్డ్ ఒక్క దెబ్బకి పూర్తయింది.