మలుపులో వెనక తన్నేస్తోందా? ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండికి సమస్య - పరిష్కారం

పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్ లాంటి, ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పే (ఫ్రంట్ వీల్ డ్రైవ్) చురుకైన బండ్లున్నవాళ్లు వానలు మొదలవగానే చెప్పే మాట ఒకటుంది: "మలుపులో వెనక తన్నేస్తోంది." వెంటనే షాకులు (షాక్ అబ్జార్బర్లు) మార్చాలా, బార్ (మలుపులో బండి పక్కకు ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్) వేయించాలా అని టెన్షన్ పడి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్ల చుట్టూ తిరుగుతారు. టైర్లు, గాలి, అలైన్‌మెంట్ చూడకుండా సస్పెన్షన్ మీద రూపాయి కూడా పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ముందు వెనక ఎప్పుడు జారుతోందో గమనించండి. తడిలోనేనా? యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడా? ఒక పక్కకు తిరిగేటప్పుడేనా? కారణం సగం అక్కడే దొరుకుతుంది.

తడి రోడ్డు మీద మాత్రమే వెనక జారుతోంది

ముందుగా వెనక టైర్లు చూడండి. ఈ బండ్లలో లాగేదీ, తిరిగేదీ, బ్రేకు భారం ఎక్కువ మోసేదీ ముందు చక్రాలే. కాబట్టి అవే త్వరగా అరుగుతాయి. రెండు కొత్త టైర్లు కొంటే షాపువాళ్లు ముందుకే వేస్తారు, పాతవి వెనక్కి నెడతారు. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ ఇది ప్రమాదం. నీళ్లు నిలిచిన చోట అరిగిన వెనక టైర్లు ముందుగా తేలిపోతాయి. ముందు టైర్లకు పట్టు ఉంటుంది, వెనక టైర్లకు ఉండదు, బండి గిర్రున తిరుగుతుంది. ముందు జారితే స్టీరింగ్‌లో తేడా తెలుస్తుంది, వేగం తగ్గించే వీలుంటుంది. వెనక జారితే మామూలు డ్రైవర్‌కి ఆ వ్యవధి దొరకదు.

పరిష్కారం: కొత్త టైర్లు రెండే కొంటే వెనక్కి వేయించండి, షాపులో వాదించైనా సరే. ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పిస్తే నాలుగూ సమానంగా అరుగుతాయి, అప్పుడు నాలుగూ ఒకేసారి కొనొచ్చు. చట్టం ప్రకారం గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. కానీ అంతదాకా అరగనిస్తే వానలో నమ్మలేం. 3 మిల్లీమీటర్లకు రాగానే మార్చేయండి.

ఇంకో విషయం. మే ఎండల్లో రోడ్డు మీద దుమ్ము, ఆయిల్, రబ్బరు పేరుకుని ఉంటాయి. మొదటి జల్లు పడిన కాసేపు మంగళగిరి దగ్గర హైవే దిగే మలుపులో మంచి టైర్లు కూడా జారతాయి. ఆ పూట తప్పు బండిది కాదు.

పొడి రోడ్డు మీద కూడా వెనక తేలిగ్గా, స్థిరం లేకుండా ఉంది

గాలి చూడండి. డోర్ పిల్లర్ మీదో పెట్రోల్ మూత లోపలో ఉండే స్టిక్కర్‌లో చాలా బండ్లకు రెండు లెక్కలుంటాయి, మామూలు బరువుకొకటి, పూర్తి బరువుకొకటి. ఒక్కరే తిరుగుతూ పూర్తి బరువు లెక్క వెనక కొట్టిస్తే టైరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. బాగా తగ్గిస్తే టైరు పక్కకు వంగి బండి ఊగుతుంది. చల్లటి టైరుకే కొలవాలి. సుమారు 6 డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ పెరుగుతుంది. గుంటూరు నుంచి హైవే మీద వచ్చి వేడి టైర్లలో గాలి తీయిస్తే, తెల్లారేసరికి తక్కువైపోతుంది.

మలుపు మధ్యలో కాలు తీస్తే బండి తిరిగిపోతోంది

దీన్ని లిఫ్ట్ ఆఫ్ ఓవర్‌స్టీర్ అంటారు. బండి బరువులో సుమారు 60 శాతం ముందే ఉంటుంది. కాలు తీయగానే ఇంకొంత బరువు ముందుకు వాలి వెనక చక్రాలు తేలికవుతాయి. 1984లో యూరప్‌లో వచ్చిన ప్యూజో 205 జీటీఐకి ఈ గుణం వల్ల ఎంత పేరో అంత భయం. కొంతవరకు ఇది ఈ రకం బండ్ల స్వభావమే.

వేగం మలుపుకి ముందే, బండి తిన్నగా ఉండగానే తగ్గించండి. మలుపు లోపల యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి ఉంచండి. అయినా జారితే బ్రేకు జోలికి వెళ్లకుండా, మీరు వెళ్లాల్సిన వైపే చూస్తూ స్టీరింగ్ అటే పట్టుకోండి. కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే ముందు చక్రాలు బండిని లాగి తిన్నగా చేస్తాయి. ఈఎస్‌సీ (బండి జారకుండా తనంతట తానే బ్రేకులు వేసి సరిచేసే వ్యవస్థ) ఉంటే రోడ్డు మీద ఎప్పుడూ ఆపొద్దు.

ఈ మధ్యే మొదలైందంటే మాత్రం స్వభావం అని సరిపెట్టుకోకండి. వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే ఇరుసు) బుష్‌లు, అంటే దాన్ని బండికి బిగించే చోట ఉండే రబ్బరు ముక్కలు, చిరిగితే కాలు తీసిన ప్రతిసారీ ఇరుసు కాస్త పక్కకు తిరుగుతుంది. బండి ఎత్తించి బుష్ రబ్బరు, షాకుల దగ్గర ఆయిల్ కారుతోందా అన్నది చూపించుకోండి.

ఎడమకి బాగానే ఉంది, కుడికే తేడా

గుంతలో పడినా, ఫుట్‌పాత్ అంచుకి కొట్టినా బీమ్ వంగుతుంది. అలైన్‌మెంట్ షాపులో ముందు చక్రాలు మాత్రమే సరిచేసి పంపేస్తారు. వెనక చక్రాల రీడింగులున్న కాగితం అడిగి తీసుకోండి. వెనక చక్రాలు కొద్దిగా లోపలికి చూడాలి. బయటికి చూస్తుంటే బండి నిలకడగా ఉండదు. టార్షన్ బీమ్ బండ్లలో చాలావాటికి వెనక సర్దుబాటు ఉండదు. షిమ్‌లు (చక్రం కోణం సరిచేసే పలచటి రేకులు) వేయించాలి, ఎక్కువగా వంగితే బీమ్ మార్చాలి.

స్ప్రింగులు కోయించాక వచ్చింది

బండి కిందికి దిగితే మలుపులో సస్పెన్షన్ బంప్ స్టాప్ (సస్పెన్షన్ ఇక కిందికి దిగకుండా ఆపే రబ్బరు దిమ్మ) మీద కూర్చుంటుంది, ఆ క్షణంలో పట్టు ఒక్కసారిగా పోతుంది. కరకట్ట రోడ్డు లాంటి ఎత్తుపల్లాల వంపుల్లో ఇది మరీ చెడ్డది. కోసిన స్ప్రింగుకి రిపేరు లేదు, కంపెనీవే తిరిగి వేయించండి.

వెనక కాదు, ముందే బయటికి వెళ్లిపోతోంది

ఇది అండర్‌స్టీర్. స్టీరింగ్ ఇంకా తిప్పడం వల్ల లాభం లేదు. కాస్త వెనక్కి తిప్పి, కాలు నెమ్మదిగా తీస్తే పట్టు దొరుకుతుంది. మంచి టైర్లు, ముందు చక్రాలకు ఇంకొంచెం నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలి ఉండటం) చాలా వరకు సరిచేస్తాయి. వెనక లావు బార్ వేస్తే ముందు బాగా తిరుగుతుంది, నిజమే. కానీ అది వెనక పట్టు తగ్గించే పని చేస్తుంది, వానలో మళ్లీ మొదటి సమస్యకే వస్తారు. బార్ వేయాలనే ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ లాంటి చోట పరీక్షించుకోండి, ఒకసారికి ఒకే మార్పు చేస్తూ.