పేల పాఠాలు – మూడో భాగం: రెండిళ్లకూ ఒకే లెక్క

గత పాఠంలో తడి జుట్టును పాయలు తీసి పేల దువ్వెనతో దువ్వడం నేర్చుకున్నాం. ఆ పని చేతికి అలవాటయ్యాక కూడా పిల్ల తలలో పేలు మళ్లీ మళ్లీ కనిపిస్తుంటే, ఇక చూడాల్సింది తేదీలు. పిల్ల రెండిళ్లలో పెరుగుతున్నప్పుడైతే మొదట చూడాల్సిందే అవి.

ఆంధ్ర–ఒడిశా సరిహద్దులో ఇలా పెరిగే పిల్లలు చాలామంది. ఉదాహరణకు, బడి ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో, వారమంతా అక్కడే అమ్మమ్మ ఇల్లు. శనివారం బడి వదలగానే ఆంధ్ర వైపు పాతపట్నంలో నాన్న దగ్గరికి, సోమవారం పొద్దున్నే మళ్లీ బడికి. ఒక ఇంట్లో మందు పెట్టి, గంటసేపు దువ్వి, శుభ్రంగా పంపుతారు. రెండో ఇంట్లో పిల్ల పక్కలో పడుకునే చెల్లి తల ఎవరూ చూడరు. వారం తిరిగేసరికి మళ్లీ గోకుడు, ‘మీ ఇంట్లోనే అంటించుకొచ్చింది’ అని ఫోన్లో మాటలు. ఆ మాటకు జవాబు పేను ఒంటి మీదే ఉంటుంది. దాని సైజు చూసి వయసు చెప్పడం, వయసును బట్టి అది ఎప్పుడు వచ్చిందో తేల్చడం ఈ పాఠం.

ముందు పేను కాలపట్టిక. ఆడ పేను తల చర్మానికి ఆనుకుని, వెంట్రుక మొదట్లో ఈపి పెట్టి జిగురుతో అంటిస్తుంది. ఈపి పొదగడానికి 7 నుంచి 10 రోజులు. బయటికొచ్చిన పిల్ల పేను పెరిగి పెద్దదవడానికి ఇంకో 9 నుంచి 12 రోజులు. పెద్దయ్యాక నెల దాకా బతుకుతుంది, ఆడదైతే రోజుకు 6 నుంచి 10 దాకా ఈపులు పెడుతుంది. పెద్ద పేను నువ్వుగింజంత, 2–3 మిల్లీమీటర్లు. అప్పుడే పొదిగినది 1 మిల్లీమీటరు ఉంటే ఎక్కువ, ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది. తల వదిలిన పేను రెండు రోజులకు మించి బతకదు. అది ఎగరదు, గెంతదు. ఎక్కువగా తలకు తల తగిలినప్పుడే పాకి అవతలికి వెళ్తుంది. ఒకే చాప మీద వరసగా పడుకోవడం, తలలు ఆనించి ఫోన్ చూడడం, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని జడలు వేసుకోవడం దానికి చాలు.

ఈ అంకెల నుంచే దువ్వాల్సిన రోజులు వస్తాయి: 1, 5, 9, 13. పదిహేడో రోజు చివరి పరీక్ష. నాలుగు రోజులకోసారి దువ్వితే, మధ్యలో పొదిగిన ఏ పిల్ల పేనూ ఈపులు పెట్టే వయసుకు చేరకముందే దువ్వెనకు దొరుకుతుంది. శనివారం మొదలుపెట్టండి. ఒకటో రోజు శనివారం, తొమ్మిదో రోజు ఆదివారం. రెండూ పాతపట్నంలో పడతాయి. ఐదో రోజు బుధవారం, పదమూడో రోజు గురువారం, పదిహేడో రోజు సోమవారం, మూడూ పర్లాకిమిడిలో. అంటే ఏ ఒక్క ఇల్లూ ఈ పని ఒంటరిగా పూర్తి చేయలేదు. దువ్వెన సంచిలో అటూ ఇటూ తిప్పితే ఏదో ఒక బుధవారం అది అవతలే ఉండిపోతుంది, కాబట్టి రెండు కొనండి. ఇనుప పళ్లది, పళ్ల మధ్య సందు 0.3 మిల్లీమీటరుకు మించనిది. దువ్వేముందు తడి జుట్టుకు రాసే కండిషనర్ కూడా రెండు చోట్లా ఉండాలి. భుజాలు దాటిన జుట్టుకు చిన్న సాచెట్ ఒకటి ఏ మూలకూ రాదు, నాలుగైదు పడతాయి.

చిక్కు తీయడానికి పర్లాకిమిడి కొమ్ము దువ్వెన బాగుంటుంది, వెంట్రుక తెగదు. పేలు తీయడానికి దాని పళ్లు దూరం. ఒక జాగ్రత్త: ఇనుప దువ్వెనను బాగా వేడిగా (54 డిగ్రీలకు పైన) ఉన్న నీళ్లలో 10 నిమిషాలు ఉంచి శుభ్రం చేస్తాం కదా, కొమ్ము దువ్వెనకు అది పనికిరాదు. కొమ్ము వేడికి మెత్తబడి వంగుతుంది. చిక్కిన వెంట్రుకలు తీసేసి, రెండు రోజులు ఎవరూ వాడకుండా పక్కన పెడితే సరి.

మొదటి రోజు రెండిళ్లలోనూ అందరి తలలూ తడి చేసి చూడాలి, అమ్మమ్మ తలతో సహా. నెరిసిన జుట్టులో ఈపి తేలిగ్గా కంటపడదు, అందుకే పెద్దవాళ్ల తలలు తరచూ తప్పిపోతాయి. కదిలే పేను ఉన్నవాళ్లంతా అదే రోజు లెక్కలో చేరతారు. పిల్లతో ఒకే పక్క మీద పడుకునేవాళ్లకు పేను కనిపించకపోయినా మొదటి రోజు దువ్వడం మంచిది. అవతలి ఇంటికి ఈ సంగతి చెప్పే తీరులోనే సగం పని ఉంది. ‘వదినా, పాప తలలో పేలు కనిపించాయి. శనివారం ఇక్కడ మా అందరి తలలూ చూస్తున్నాం. అక్కడ అమ్మమ్మ తలా, పిల్లల తలలూ ఆరోజే చూస్తే ఒకేసారి వదులుతాయి’ అంటే చాలు. ఎవరి ఇంటి నుంచి వచ్చాయన్న ప్రశ్న ఆ రోజు ఎత్తొద్దు. ఒడియా మాట్లాడే టీచరుకో, పొరుగువారికో చెప్పాల్సి వస్తే పేనును అక్కడ ఉకుణి అంటారు.

ఇప్పుడు అసలు సాధనం: పిల్ల సంచిలో తిరిగే ఒక చిన్న నోటుపుస్తకం. దువ్విన ప్రతిసారీ తేదీ, ఏ ఇల్లు, ఎన్ని దొరికాయి అని రాసి, దొరికిన వాటిని సెల్లో టేపుతో ఆ పేజీకే అంటించండి. ఇళ్ల మధ్య మాటలు లేని చోట కూడా ఈ పుస్తకం పని చేస్తుంది. మొదటి రోజు దువ్వడం వరసగా రెండుసార్లు తలంతా తిరిగినా ఏమీ రాని దాకా సాగాలి. అలా చేయకపోతే కింది లెక్క ఏదీ నిలవదు.

ఐదో రోజు చిన్నవి మాత్రమే వస్తే అవి పాత ఈపుల నుంచి పొదిగినవి. రావాల్సినవే, ఎవరి తప్పూ లేదు. ఐదో రోజు పెద్దది వస్తే రెండే దారులు: మొదటి రోజు తప్పించుకుందా, ఈ నాలుగు రోజుల్లో వేరే తల నుంచి పాకిందా. పొదిగిన నాలుగు రోజుల్లో ఏ పేనూ పెద్దది కాలేదు. తొమ్మిదో రోజు మధ్య సైజువి వస్తే ఐదో రోజు దువ్వడం పలచగా జరిగి ఉంటుంది, లేదా అవి వేరే తల నుంచి పాకి ఉంటాయి. చెవుల వెనక, మెడ పైన ఇంకా సన్న పాయలు తీయాలి. పదిహేడో రోజు అప్పుడే పొదిగిన చిన్నది కనిపిస్తే అది మొదటి నాటి ఈపి కాదు. ఆ ఈపులన్నీ పదకొండో రోజుకే పొదిగిపోయి ఉంటాయి. అంటే మధ్యలో ఒక ఆడ పేను తల మీద ఉండి ఈపులు పెట్టింది.

చర్మానికి 1 సెంటీమీటరు దూరంలో తెల్లగా కనిపించేవి చాలావరకు ఖాళీ దొల్లలే. వాటిని చూసి మళ్లీ మందు పెట్టకండి.

మందు వాడితే పెర్మెత్రిన్ 1 శాతం. గజ్జికిచ్చే 5 శాతం క్రీము వేరు, అది తెచ్చి తలకు రాయొద్దు. కండిషనర్ లేని షాంపూతో కడిగి, తుండుతో తుడిచిన జుట్టుకు పట్టించి, 10 నిమిషాలకు కడిగేయాలి. కండిషనర్ ముందే పడితే మందు వెంట్రుకకు సరిగా పట్టదు. దువ్వడానికి కండిషనర్ మందు కడిగేశాకే. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు షాంపూ వద్దు. ఈ మందు ఈపులను నమ్మకంగా చంపదు, అందుకే తొమ్మిదో రోజు రెండోసారి. మొదటిసారి పెట్టిన 8 నుంచి 12 గంటల తర్వాత కూడా పేలు ఎప్పటిలాగే చురుగ్గా పరుగెడుతుంటే ఆ మందు వాటి మీద పనిచేయడం లేదు. మళ్లీ మళ్లీ పూయకుండా డాక్టరును అడగండి. తల మీద చీము పుండ్లు, మెడలో గడ్డలు, జ్వరం ఉన్నా అంతే. రెండు నెలలు నిండని పసివాళ్లకు ఈ మందు వద్దు.

సీతాఫలం గింజలు నూరి తలకు పట్టించే అలవాటు రెండు వైపులా ఉంది. ఆ రసం ఒక్క చుక్క కంట్లోకి జారితే నల్లగుడ్డు మీది పొర గాయపడి, భరించలేని నొప్పితో కన్ను తెరవలేని స్థితి వస్తుంది. దయచేసి మానండి. కిరసనాయిలు కూడా వద్దు: నిప్పంటుకుంటుంది, చర్మం మండిపోతుంది. కొబ్బరినూనె వల్ల హాని లేదు, దువ్వెన జారడానికి పనికొస్తుంది, దాంతో పేలు చస్తాయని మాత్రం నమ్మొద్దు. ఇల్లంతా పురుగుల మందు కొట్టక్కర్లేదు. గత రెండు రోజుల్లో వాడిన దిండు గలీబులు, దుప్పట్లు, తుండ్లు వేడినీళ్లలో ఉతికితే చాలు.

అభ్యాసం: పుస్తకంలో ఇలా ఉంది. ఒకటో రోజు పెద్దవి 11, చిన్నవి 6, చివరి రెండు విడతలు ఖాళీ. ఐదో రోజు చిన్నవి 4, చివరి రెండు విడతలు ఖాళీ. తొమ్మిదో రోజు చిన్నవి 2, పెద్దది 1. ఆ పెద్దది ఎక్కడిది?

జవాబు: ఈపి నుంచి వచ్చినది కాదు, అంత వయసు లేదు. ఐదో రోజు తల ఖాళీ కాబట్టి బుధవారం రాత్రికీ ఆదివారానికీ మధ్య పాకింది. ఆ రోజుల్లో పిల్ల శనివారం దాకా పర్లాకిమిడిలో, తర్వాత పాతపట్నంలో ఉంది. రెండిళ్లలోనూ పక్కలో పడుకున్నవాళ్ల తలలు, బడిలో బెంచీ మీద పక్కన కూర్చునే పిల్ల తల చూడాలి. ఈ ఆదివారమే కొత్తగా ఒకటో రోజు. దువ్వడం మళ్లీ 5, 9, 13 రోజుల్లో, 17న పరీక్ష. తొమ్మిదో రోజు మందు ఎలాగూ పెడుతున్నారు గనుక, మూడోసారి మందు డాక్టరు చెబితేనే.