వరంగల్‌లో కోషర్ భోజనం: ఇంట్లో అతిథికి, దారిలో ప్రయాణికుడికి

ఎన్ఐటీలో సదస్సుకో, రామప్ప చూడటానికో వచ్చిన యూదు అతిథి కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటిస్తారని తెలియగానే మన దగ్గర వినిపించే మాట ఒకటే: “శాకాహారం పెడితే సరిపోతుంది కదా!” అందులో సగమే నిజం. బియ్యం, కందిపప్పు, చింతపండు, నువ్వులు, పల్లీలు, పసుపు, కారం... మన శాకాహార వంటలో పడే సరుకుల్లో దాదాపు ఏదీ నిషేధం కాదు. వంట చెడేది సరుకు దగ్గర కాదు. గిన్నె దగ్గర, కత్తి దగ్గర, పొయ్యి వెలిగించే చేతి దగ్గర, ఆకులో దాక్కున్న పురుగు దగ్గర చెడుతుంది. ఈ నాలుగూ సరిచూసుకుంటే హనుమకొండలో మామూలు వంటింట్లోనే మంచి కోషర్ భోజనం పెట్టొచ్చు.

పాటింపు అందరిలో ఒకేలా ఉండదు కాబట్టి అతిథి బయల్దేరకముందే ఫోన్ చేసి అడగండి. మా ఇంట్లో వండింది తింటారా, సీలు వేసిన ప్యాకెట్లే తింటారా? పొయ్యి మీరు వెలిగిస్తే చాలా, గిన్నె కూడా మీరే ఎక్కించాలా? ప్యాకెట్ పాలు తాగుతారా? మీరుండే రోజుల్లో శుక్రవారం రాత్రి, శనివారం వస్తాయా? ఇలా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. పైగా విషయం తెలిసినవాళ్లింటికి వెళ్తున్నామని ధైర్యపడతారు.

మాంసం సంగతి మొదటే తేల్చేద్దాం: పెట్టకండి. మేక, గొర్రె, కోడి అనుమతించిన జీవాలే. కానీ వాటిని శిక్షణ పొందిన షోహెట్, అంటే యూదు నియమాల ప్రకారం జీవాలను కోసే వ్యక్తి, కోయాలి. ఊపిరితిత్తులు పరీక్షించాలి, నిషిద్ధమైన కొవ్వు, తొడ నరం తీసెయ్యాలి. ఆ తర్వాత మాంసాన్ని అరగంట నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, మూడుసార్లు కడగాలి. హలాల్ కొట్లో తెస్తే సరిపోతుందనుకోవద్దు, ఆ నియమాలు వేరు. వరంగల్‌లో ఈ పని చేసేవాళ్లు లేరు, కోషర్ హోటలూ లేదు.

చేపకు మాత్రం దారి ఉంది. లేవీయకాండము 11వ అధ్యాయం ప్రకారం రెక్కలూ పొలుసులూ ఉన్న చేప తినొచ్చు. రవ్వ, బొచ్చె, బంగారుతీగ పనికొస్తాయి. వాలుగ, జెల్ల, రొయ్యలు, ఎండ్రకాయలు పనికిరావు. చేపను ముక్కలు కొట్టించకుండా పొలుసులతో నిండుగా తెచ్చి, అతిథికి ఒకసారి చూపించండి. అమ్మేవాళ్ల మొద్దు మీద, అదే కత్తితో పొద్దున్నే వాలుగనీ రొయ్యలనీ కోసి ఉంటారు. ఇంట్లో కొత్త కత్తితో మీరే పొలుసు తీయండి. చేపకు ఉప్పులో ఉంచే పని లేదు.

గిన్నె, కత్తి, మిక్సీ

మడి కట్టుకుని వండే ఇళ్లు చూసినవాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది, కానీ తేడా ఉంది. అక్కడ స్నానం, బట్ట ముఖ్యం. ఇక్కడ వేడి ముఖ్యం. వేడెక్కిన గిన్నె అందులో ఉడికినదాని రుచిని పీల్చుకుంటుందనీ, మళ్లీ వేడెక్కినప్పుడు దాన్ని వదులుతుందనీ నియమం. కాబట్టి నిన్న మటన్ వండిన గిన్నెను ఎంత తోమినా ఈరోజు అందులో పప్పు వండకూడదు.

అన్నిటికంటే తేలిక కొత్తవి కొనడం. మూడు లీటర్ల స్టీలు గిన్నె ఒకటి, లీటరుది ఒకటి, ఒక మూకుడు, రెండు గరిటెలు, ఒక కత్తి, ఒక చెక్క, సన్నని జల్లెడ చాలు. స్టిక్కరు జిగురు పోయేదాకా సబ్బుతో, వేడినీళ్లతో కడగండి. అవి మీ సొంతంగానే ఉంచుకోండి. యూదులు తమ సొంతానికి తీసుకునే లోహపు, గాజు పాత్రలను వాడేముందు శాస్త్రోక్తంగా నీళ్లలో ముంచాలి. మీ గిన్నె వాళ్లు వాడుకున్నంత మాత్రాన ఆ పని అక్కర్లేదు, కానుకగా ఇస్తే మాత్రం తప్పదు.

పాత స్టీలు గిన్నెనే వాడాల్సివస్తే శుద్ధి చేసే పద్ధతి ఉంది. దాన్ని అతిథి కళ్ల ముందే చేయండి. అంటు, మాడు ఏమీ లేకుండా తోమి, 24 గంటలు వాడకుండా పక్కన పెట్టాలి. అంతకంటే పెద్ద పాత్రలో నీళ్లు తెర్లుతుండగా గిన్నెను పూర్తిగా మునిగేలా ముంచి తీసి, చన్నీళ్లతో కడగాలి. ఆ పెద్ద పాత్ర కూడా 24 గంటలు వాడనిదై ఉండాలి. నీళ్లు సలసల కాగకుండా వేడిగా మాత్రమే ఉంటే ఈ పని చెల్లదు. మట్టి కుండలకు శుద్ధి లేదు. నాన్‌స్టిక్ జోలికి పోకండి. కుక్కర్ అయితే మూత రబ్బరు కొత్తది వేయాలి.

అందరూ మరిచిపోయేది కత్తి. చల్లటి దోసకాయను పాత కత్తితో, బాగా కడిగి కోస్తే పెద్ద చిక్కు లేదు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, అల్లం, నిమ్మకాయ లాంటి ఘాటైనవి మాత్రం వేడి లేకపోయినా కత్తిలోని రుచిని లాగేస్తాయని నియమం. అంటే అల్లం ఎల్లిగడ్డ ముద్ద నూరే మిక్సీ జారు, పచ్చిమిర్చి దంచే రోలు రెండూ పనికిరావు. కొత్త జారు కొనడం ఇష్టం లేకపోతే కొత్త కత్తితో సన్నగా తరిగి వేయండి. మనింటి ఊరగాయ జాడీ కూడా ఇలాంటిదే: ఆవకాయలో తప్పు లేదు, మటన్ తిన్న పళ్లెం నుంచి జాడీలోకి వెళ్లిన చెంచాలోనే ఉంది.

పళ్లేల సంగతికి మన దగ్గర చక్కటి జవాబుంది. కొత్త మోదుగాకు విస్తర్లు, దొప్పలు వాడండి. అవి ఇదివరకు ఎవరూ తిననివి, తిన్నాక పారేసేవి.

పొయ్యి ఎవరు వెలిగించాలి

పచ్చిగా తినలేనిదీ, విందులో వడ్డించదగ్గదీ అయిన వంటకంలో యూదుల చెయ్యి కొంతైనా పడాలి. అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాల యూదుల) సంప్రదాయంలో వాళ్లు మంట వెలిగిస్తే చాలు. మిగతాదంతా మీరు వండొచ్చు. సెఫార్దీలైతే (స్పెయిన్, ఉత్తరాఫ్రికా మూలాల యూదులు) గిన్నెను వాళ్లే పొయ్యి మీద పెట్టాలంటారు. ఇండక్షన్ అయినా, కరెంటు కుక్కర్ అయినా అంతే, మీట వాళ్లే నొక్కాలి. ఇక్కడ జరిగే పొరపాటు చాలా చిన్నది. గ్యాస్ మధ్యలో ఆరిపోతుంది, ఇంట్లోవాళ్లు అలవాటుగా లైటర్ కొడతారు. వంట మొదలైనప్పటి నుంచి ఒక బర్నర్‌ను సన్నగా వెలుగుతూనే ఉంచి, మిగతావి దాని నుంచే అంటించండి. పొయ్యి మీది ఇనుప కాళ్లను ముందురోజే తోమి, మంట మీద బాగా కాల్చి, అల్యూమినియం రేకు చుట్టండి.

పురుగు

కంటికి కనిపించే పురుగు ఒక్కటి కడుపులోకి పోయినా నిషేధమే, నిషిద్ధ మాంసం కంటే ఇందులోనే ఎక్కువ ఆజ్ఞలు మీరినట్టవుతుంది. వానాకాలంలో ఈ పనికి రెట్టింపు సమయం పెట్టుకోండి. బియ్యాన్ని చాటలో చెరిగాక తెల్లటి గుడ్డ మీద పలచగా పరిచి చూడాలి. పెసలు, శనగల గింజల్లో గుండుసూది మొనంత రంధ్రం కనిపిస్తే లోపల పురుగుందనే లెక్క. పిండి సన్నని జల్లెడలో పట్టాలి. ఎండుమిర్చి తొడిమ తీసి, చీల్చి, గింజలు దులపాలి.

కరివేపాకు, కొత్తిమీర, పాలకూర ఆకులు విడివిడిగా తుంచాలి. లీటరు నీళ్లలో పెద్ద చెంచాడు ఉప్పు కలిపి ఐదు నిమిషాలు నానబెట్టి, చేత్తో బాగా కదిపి, ధారగా పడే నీళ్ల కింద కడగాలి. చివరి కడుగు నీళ్లను తెల్లటి గిన్నెలోకి తీసి వెలుగులో చూడండి. ఒక్క నల్ల చుక్క కదిలినా మళ్లీ మొదటి నుంచి. ఆ తర్వాత ఆకుకు రెండు వైపులా చూడాలి. గోంగూర ముడతల్లో, క్యాలీఫ్లవర్ పువ్వుల్లో ఎంత వెతికినా నమ్మకం కుదరదు, ఆ రోజుకు వాటిని వదిలేయడమే మేలు. సొరకాయ, బీరకాయ, ఆలుగడ్డ, గుమ్మడికాయ వండండి.

కోడిగుడ్డయితే ఒక్కొక్కటి గాజు గ్లాసులో కొట్టి చూసి వేయాలి. రక్తపు చుక్క ఉంటే గుడ్డంతా పారేయాలి. నాటుకోడి గుడ్లలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఏం వండాలి

పాలు, నెయ్యి, పెరుగు లేకుండా వండితే సగం ప్రశ్నలు పోతాయి. మేకపిల్లను తల్లిపాలలో ఉడికించకూడదన్న నిర్గమకాండపు ఆజ్ఞ నుంచి మాంసాన్నీ పాలనూ వేరుగా ఉంచే నియమం పుట్టింది. మాంసం తిన్నాక పాలు ముట్టడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు, కొన్ని సంప్రదాయాల్లో మూడు. రెండూ లేని భోజనానికి ఈ లెక్కలతో పనిలేదు. పాలు కావాలనే అతిథి ప్యాకెట్ పాలు తాగనంటే, గేదెలున్న ఇంటికి తీసుకెళ్లండి. కొత్త గిన్నెలో, తన కళ్ల ముందు పితికిన పాలు గట్టి పాటింపు ఉన్నవాళ్లు కూడా తాగుతారు.

మన సర్వపిండి, పచ్చిపులుసు ఈ భోజనానికి పుట్టినట్టే సరిపోతాయి. ముగ్గురికి సర్వపిండి అయితే రెండు కప్పుల జల్లించిన బియ్యప్పిండిలో గంట నానిన శనగపప్పు రెండు పెద్ద చెంచాలు, నువ్వులు రెండు చెంచాలు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు పావు కప్పు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి నీళ్లతో మెత్తగా కలపాలి. చల్లటి మూకుడుకు నూనె రాసి, పిండిని పలచగా ఒత్తి, వేలితో రంధ్రాలు పెట్టి, అందులో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని మంట మీద పది నిమిషాలు కాల్చాలి. వేడి మూకుడులో పిండి ఒత్తలేం కాబట్టి ప్రతి వాయికీ దాన్ని చల్లార్చాల్సిందే. ఆ విరామంలో పొయ్యి ఆర్పేస్తే మళ్లీ అతిథినే పిలవాలి.

పచ్చిపులుసును పొయ్యి మీద ఉడికించే పనే లేదు. నిమ్మకాయంత చింతపండు మూడు కప్పుల చన్నీళ్లలో పిసికి, తరిగిన ఉల్లిగడ్డ, మూడు పచ్చిమిర్చి, రెండు చెంచాల నువ్వుల పొడి, జీలకర్ర, కొత్తిమీర, ఉప్పు కలపడమే. నువ్వుల పొడి దుకాణంలోది వద్దు, కొత్త మూకుడులో వేయించి పొడి చేసుకోండి. పోపు పెడతామంటే అతిథి వెలిగించిన పొయ్యి మీదే.

ప్యాకెట్ మీద ఏం చూడాలి

ఆకుపచ్చ చుక్క మాంసం, చేప, గుడ్డు లేవని చెబుతుంది, అంతే. ఆ ఫ్యాక్టరీ గొట్టాల్లో అంతకుముందు ఏం వెళ్లిందో, వాడిన వెనిగర్ ద్రాక్షదో కాదో చెప్పదు. ద్రాక్ష వైన్, ద్రాక్షరసం, ద్రాక్ష వెనిగర్‌కు విడిగా నియమాలున్నాయి, కోషర్ ముద్ర లేకుండా కొనకండి. చీజ్ కూడా అంతే. వృత్తంలో యు అక్షరం, వృత్తంలో కె అక్షరం, నక్షత్రంలో కె అక్షరం ప్రపంచమంతా గుర్తించే ముద్రలు. పక్కన డి ఉంటే పాలు కలిసినట్టు, పి ఉంటే పస్కా పండుగకు (ఆ రోజుల్లో యూదులు పులిసిన ధాన్యపు పదార్థాలు ముట్టరు) పనికొస్తుందని. వట్టి కె అక్షరం ఒక్కటే ఉంటే ఎవరు పరీక్షించారో తెలియనట్టే.

మన పసుపు, మిరప ఎగుమతి చేసే కంపెనీల్లో కొన్ని కోషర్ పత్రం తీసుకుంటాయి. కంపెనీకి పత్రం ఉందని దాని సరుకంతా కోషర్ అనుకోవద్దు. పత్రంలో సరుకు పేరు, ఫ్యాక్టరీ చిరునామా, గడువు తేదీ ఉంటాయి, మూడూ సరిపోలాలి. ఎండు పసుపు కొమ్ములు, మిరియాలు, జీలకర్ర గింజలుగా కొని ఇంట్లో దంచుకుంటే ఈ వెతుకులాట తగ్గుతుంది. నూనె సీలు ఉన్న డబ్బాయే తీసుకోండి. ఇంగువ డబ్బాలో తరచు గోధుమపిండి కలుస్తుంది. మామూలు రోజుల్లో ఫర్వాలేదు, పస్కా రోజుల్లో ముట్టకూడదు. ఆ రోజుల్లో అష్కెనాజీలు అన్నం, పప్పు కూడా తినరు. అప్పుడు అతిథి తెచ్చుకున్న మాట్సాకు (పులియని పలచటి రొట్టె) తోడు పళ్లు, ఆలుగడ్డలు, గుడ్లు ఏర్పాటు చేయండి.

ఇక యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతు: శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా వంట చేయరు, పొయ్యి ముట్టరు, వాహనం ఎక్కరు. చాలామంది సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తారు. మన దగ్గర డిసెంబరులో పొద్దుగూకేది 5:40 ప్రాంతంలో, జూన్‌లో 6:50 ప్రాంతంలో. వంట అంతకు గంట ముందే ముగియాలి. శనివారానికి చల్లగా తినగలిగేవి చేసి పెట్టండి: పులిహోర, ఉడికించిన గుడ్లు, పచ్చిపులుసు. రామప్ప ప్రయాణం ఆ రోజున పెట్టుకోకండి.

దారిలో

రామప్ప గుడి ఉన్న పాలంపేట దాకా వెళ్లి వచ్చే రోజుకు అరటిపళ్లు, కొబ్బరి బొండాలు, కాలాన్ని బట్టి ముంజలు, సీతాఫలాలు, పెంకుతో ఉన్న పల్లీలు చాలు. కోసి అమ్మే పండ్ల ముక్కలు వద్దు. కత్తి వెంట తీసుకెళ్లండి. పూర్తి శాకాహార హోటల్లో ఇడ్లీ తినొచ్చా అనేది అతిథి నిర్ణయం. వాళ్లు వద్దంటే రెండోసారి అడగొద్దు.

హోటల్ గదిలో ఉండేవాళ్లకు లీటరు కరెంటు కుక్కర్ ఒక్కటి మొత్తం వంటిల్లు. బియ్యం, పప్పు, ఉప్పు వేసి తామే మీట నొక్కుకుంటారు కాబట్టి గిన్నె, మంట ప్రశ్నలు రెండూ తీరతాయి. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల కుక్కర్‌ను మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది, ఇక్కడే కొత్తది కొనాలి. హోటల్ ఓవెన్‌లో ఏదైనా వేడిచేయాల్సివస్తే రెండు పొరల రేకు చుట్టి, మూసి పెట్టాలి.

శంషాబాద్ నుంచి అంతర్జాతీయ విమానం ఎక్కేవాళ్లు టికెట్ కొనేటప్పుడే కోషర్ భోజనం కోరాలి, దాని సంకేతం కేఎస్ఎంఎల్. కొన్ని సంస్థలు 24 గంటలు, కొన్ని 48 గంటలు ముందు చెప్పమంటాయి. విమానం మారితే ఆ కోరిక చాలాసార్లు పోతుంది కాబట్టి టికెట్ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఫోన్ చేసి సరిచూసుకోవాలి. భోజనం రెండు పొరల్లో సీలు వేసి వస్తుంది, అలాగే వేడిచేసి, విప్పకుండా ఇవ్వమని సిబ్బందికి ముందే చెప్పాలి. ముంబైలో ఆగేవాళ్లకు కొలాబాలోని నారిమన్ హౌస్‌లో ఉన్న చబాద్ (యూదు మత సంస్థ) కేంద్రం, ఢిల్లీలో ఆగేవాళ్లకు పహాడ్‌గంజ్ చబాద్ కేంద్రం ఉన్నాయి. అక్కడి భోజనానికి కూడా ముందుగా చెప్పి ఉంచాలి.