మీ టౌన్ చరిత్ర, జనాభా లెక్క ఎలా రాబట్టాలి: మంగళగిరి ఉదాహరణతో

సిటీని ఆనుకుని ఉన్న చిన్న టౌన్ గురించి రాయాలంటే పెద్ద సిటీ గురించి రాయడం కన్నా కష్టం. హద్దులు ఎప్పుడూ మారుతుంటాయి, జిల్లా పేరు మారుతుంది, సగం సమాచారం పక్క సిటీ పేరు మీద పడిపోయి ఉంటుంది. నేను మంగళగిరిని ఉదాహరణగా తీసుకుంటున్నా, విజయవాడకీ గుంటూరుకీ మధ్యలో హైవే మీద ఉంది కాబట్టి ఈ చిక్కులన్నీ అక్కడ కనిపిస్తాయి. మీ ఊరు ఘట్‌కేసర్ అయినా పెందుర్తి అయినా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటే, మీరు ఏ మంగళగిరి గురించి అడుగుతున్నారు? పాత మున్సిపాలిటీ ఒకటి, మండలం ఒకటి, అసెంబ్లీ నియోజకవర్గం ఇంకోటి (దాంట్లో తాడేపల్లి, దుగ్గిరాల మండలాలు కూడా కలిసి ఉంటాయి), ఇవి చాలవన్నట్టు 2021లో మంగళగిరి, తాడేపల్లి మున్సిపాలిటీలని కలిపి చేసిన కార్పొరేషన్ ఉంది. నాలుగింటి జనాభా నాలుగు రకాలు. నెట్‌లో "మంగళగిరి జనాభా" అని కొడితే ఈ నాలుగూ కలగాపులగంగా వస్తాయి, జనం చేతికి దొరికింది కాపీ కొట్టేస్తారు, అది చూసి ఇంకొకళ్ళు రాస్తారు. కాబట్టి కాగితం మీద మొదటి లైన్లోనే హద్దు ఏంటో, సంవత్సరం ఏంటో రాసుకోండి. 2011 సెన్సస్ ప్రకారం మంగళగిరి మున్సిపాలిటీ జనాభా 73,613. ఇది పాత మున్సిపాలిటీ హద్దుల లెక్క, అంతే. ఇప్పటి కార్పొరేషన్‌కి దీన్ని అంటగట్టకూడదు, కార్పొరేషన్ అంకె తెచ్చి "పదేళ్ళలో ఊరు ఇంత పెరిగిందా" అని ఆశ్చర్యపోవడం కూడా తప్పే. నవులూరు, ఆత్మకూరు లాంటి ఊళ్ళు వచ్చి కలిసినప్పుడు పెరిగింది హద్దు, ఆ జనం అంతకుముందు కూడా అక్కడే ఉన్నారు.

అంకెల కోసం ఎక్కడెక్కడో తిరగక్కర్లేదు, సెన్సస్ వెబ్‌సైట్‌లో జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ అని ప్రతి జిల్లాకీ పీడీఎఫ్ ఫ్రీగా దొరుకుతుంది. మంగళగిరికైతే 2011 గుంటూరు జిల్లాది తీసుకోండి. అందులో టౌన్ డైరెక్టరీ అనే భాగం ఉంటుంది, దాంట్లో టౌన్ ఎదుగుదల చూపించే పట్టికలో 1901 నుంచి పదేళ్ళకోసారి జనాభా వరసగా ఇస్తారు. నా ఉద్దేశంలో మొత్తం పుస్తకంలో మన పనికి అంతకన్నా విలువైన పేజీ లేదు, కానీ దాన్ని తెరిచేవాళ్ళు తక్కువ. జనాభాతో పాటు విస్తీర్ణం కూడా చూడండి, విస్తీర్ణం మారిన దశాబ్దంలో పెరుగుదలని నేరుగా నమ్మొద్దు. పాత హ్యాండ్‌బుక్‌లు, 1961, 1971వి కూడా స్కాన్ చేసి పెట్టారు, ఓపిక ఉంటే అవి కూడా దించుకుని పోల్చండి.

జిల్లా పేరు దగ్గర చాలామంది ఆగిపోతారు. ఇప్పటి గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో, అంతకుముందు 1859 నుంచి ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. అంటే 1901 లెక్కలు, 1859-1904 మధ్య రిపోర్టులు వెతకాలంటే కృష్ణా జిల్లా కింద వెతకాలి, గుంటూరు కింద వెతికి "ఏమీ లేదు" అనుకోవద్దు. 2022లో గుంటూరు జిల్లాని మళ్ళీ మూడు చేశారు, మంగళగిరి గుంటూరులోనే ఉండిపోయింది గానీ పల్నాడు, బాపట్ల వైపు వెళ్ళిన ఊళ్ళవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇక చరిత్ర. దీనికి నేను చెప్పేది రాయితో మొదలుపెట్టమని. మంగళగిరి కొండ కింద లక్ష్మీనరసింహస్వామి గుడి దగ్గర శ్రీకృష్ణదేవరాయల కాలపు స్తంభ శాసనం ఉంది, సాళువ తిమ్మరుసు కొండవీడు కోట పట్టుకున్న సంగతి అందులో ఉంది, అది జరిగింది శక సంవత్సరం 1437లో. శక సంవత్సరానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది, అంటే 1515 (పుష్యం చివర్నుంచి ఫాల్గుణం దాకా తేదీ పడితే 79 కలపాలి). శాసనాన్ని ఫోటో తీసేటప్పుడు అక్షరాలు కనపడాలని సుద్దముక్క, పిండి, నూనె రుద్దొద్దు దయచేసి, రాయి పాడవుతుంది. పొద్దున్నో సాయంత్రమో ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడే టైమ్‌కి వెళ్ళండి, అక్షరాల గాడుల్లో నీడ నిలబడి మామూలు ఫోన్‌లోనే స్పష్టంగా వస్తుంది, నీడలో ఉంటే టార్చ్ ఒక పక్కనుంచి పట్టుకోమనండి. తర్వాత చదవడానికి కష్టపడక్కర్లేదు, ఈ శాసనం పాఠం ఎపిగ్రాఫియా ఇండికా (శాసనాల పాఠాలు అచ్చువేసిన పాత ఇంగ్లీషు పత్రిక) 6వ సంపుటంలో ఎప్పుడో అచ్చయింది, మీ ఊరి శాసనానికి కూడా అచ్చయిన పాఠం ఉందేమో ముందు చూసుకోండి.

రాయి తర్వాత కట్టడం. కింది గుడి గాలిగోపురం 11 అంతస్తులు, 153 అడుగులు, రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించాడు. కట్టాక గోపురం ఒక పక్కకి ఒరిగిందని, కంచి నుంచి వచ్చిన శిల్పులు ఎదురుగా కోనేరు తవ్వమన్నారని, తవ్వాక నిటారుగా నిలబడిందని ఊళ్ళో పెద్దవాళ్ళు చెబుతారు. ఇది రాయాలా వద్దా? తప్పకుండా రాయాలి, కాకపోతే "అని చెప్పుకుంటారు" అని రాయాలి, 1807-09 పక్కన అదే స్వరంతో కలిపేయకూడదు. ఊరు తన గురించి తను ఏం చెప్పుకుంటుందో అది కూడా చరిత్రే కదా, దాన్ని కొట్టిపారేస్తే సగం ఊరు పోతుంది.

మూడోది కైఫీయతులు. 1800ల మొదట్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ, కావలి సోదరుల లాంటి తెలుగువాళ్ళని పెట్టి ఊరూరా కరణాల దగ్గర రాయించిన గ్రామ చరిత్రలివి, గుంటూరు వైపువి తెలుగులోనే అచ్చయ్యాయి, జిల్లా గ్రంథాలయంలో అడగండి.

వీటన్నిటికన్నా ముందు పోయేవి మనుషుల జ్ఞాపకాలు, అందుకే అవి ఆలస్యం చేయొద్దు. మంగళగిరి అంటే నేత. గుంట మగ్గం మీద కూర్చున్న పెద్దాయన్ని "అప్పట్లో ఎలా ఉండేది తాతా" అని అడిగితే "బాగుండేది" అంటాడు, అక్కడితో అయిపోతుంది. బదులుగా మీ బజార్లో మగ్గాలు ఎన్ని ఉండేవి, నూలు ఎవరు ఇచ్చేవాళ్ళు, నిజాం అంచు చీరకి కూలి ఎంత, మొదట మగ్గం ఎత్తేసిన ఇల్లు ఏది, వాళ్ళబ్బాయి ఏ పనికి వెళ్ళాడు అని అడగండి. వచ్చిన జవాబులు తీసుకెళ్ళి చేనేత సహకార సంఘం పాత రిజిస్టర్లతో సరిచూసుకోండి. సెన్సస్‌లో కూడా ఇంట్లో పరిశ్రమ చేసేవాళ్ళ కాలమ్ విడిగా ఉంటుంది, దశాబ్దం దశాబ్దం ఆ కాలమ్ పక్కన ఈ మాటలు పెట్టి చూస్తే ఊరు నేత నుంచి దేనివైపు జరిగిందో మీకే అర్థమవుతుంది.

ఇప్పటి జనాభా ఎంత అని అడిగితే మాత్రం నిజమైన సెన్సస్ అంకె 2011దే, 2021లో జరగాల్సింది జరగలేదు, వచ్చేది 2027 మార్చి 1 తేదీ లెక్కగా తీస్తున్నారు. ఓటర్ల లిస్టు చూసి జనాభా చెప్పొద్దు, అందులో 18 దాటినవాళ్ళే ఉంటారు, హాస్టళ్ళలో చదివే పిల్లలు, అద్దెకున్నవాళ్ళలో చాలామంది ఓటు సొంతూళ్ళోనే పెట్టుకుంటారు, రాజధాని ప్రాంతంలో ఇది ఇంకా ఎక్కువ. అంచనా వేస్తే అంచనా అని రాయండి. కార్పొరేషన్‌లో కలిసిపోయిన టౌన్‌కి కొత్త సెన్సస్‌లో విడిగా అంకె రాకపోవచ్చు కూడా, అప్పుడు వార్డుల వారీగా కూడుకోవడమే దారి, కాబట్టి పాత మున్సిపాలిటీ వార్డుల మ్యాపు, ఇప్పటి వార్డుల మ్యాపు రెండూ సంపాదించి తేదీ రాసి దాచిపెట్టుకోండి.