ఫ్రాన్స్‌లో కోట అద్దెకు తీసుకుంటే శనివారం సరుకుల సంగతి మర్చిపోకండి

ఫ్రెండ్స్ పది పన్నెండు మంది కలిసి లువార్ లోయలోనో దొర్దోన్ వైపో ఒక షాతో, అంటే పాతకాలపు కోట, వారానికి అద్దెకు తీసుకునే ఆలోచన ఉంటే ఒక్క మాట. వేసవిలో ఇవి ఎక్కువగా శనివారం నుంచి శనివారం లెక్కనే ఇస్తారు, తాళాలు చేతికొచ్చేది చాలాచోట్ల సాయంత్రం 4 దాటాకే, గదుల కోసం కొట్టుకుని, ఫొటోలు దిగి, తీరిగ్గా పాలు, గుడ్లు గుర్తొచ్చేసరికి ఊళ్లో సూపర్‌మార్కెట్ మూసేస్తారు. మర్నాడు ఆదివారం. పల్లెల్లో చాలా షాపులు అసలు తెరవరు, తెరిచినా మధ్యాహ్నం దాకానే.

అందుకని ఒక కారు నేరుగా కోటకి, ఇంకోటి దారిలో సరుకులకి అని ముందే అనుకోండి. కనీసం మూడు పూటలకు సరిపడా కొనండి, అంతమంది ఉంటే బ్రెడ్డు ఎలా మాయమవుతుందో తెలియదు. కందిపప్పు, చింతపండు, కారం పారిస్‌లో లా షపెల్ దగ్గరి తమిళుల కొట్లలో దొరుకుతాయి, ఆ పల్లెల్లో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. ఇండియా నుంచి వచ్చేవాళ్లు నెయ్యి, చికెన్ పచ్చడి తేవద్దు, బయటి దేశాల పాల, మాంసం పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు.

దుప్పట్లు, తువ్వాళ్లు అద్దెలో ఉన్నాయో లేదో అడగండి, చాలాచోట్ల వాటికి వేరే డబ్బు. డిపాజిట్ ఒక్కరి కార్డు మీద పోతుంది కాబట్టి, ఏదైనా పగిలితే అందరూ సమానంగా పెట్టుకోవాలని బుక్ చేసే ముందే వాట్సాప్ గ్రూపులో రాసి పెట్టుకోండి. వైఫై ఆ మందపాటి రాతి గోడలు దాటదు, ఆఫీసు కాల్ ఉన్నవాళ్లకి రౌటర్ పక్క గది ఇచ్చేయండి.